మంచుకొండలలో చలికాలము



ఏటేట దీపావళి అమావాస్య గడచిన రెండవనాడు మన యిండ్లలో అక్కచెల్లెండ్రు తోబుట్టువులను పిలిచి భగినీహస్తభోజనము పెట్టుట వాడుక. సరిగా ఆనాడే హిమాలయములలో కేదారేశ్వరుని ఆలయద్వారములు మూయుదురు. స్వామి ఉత్సవమూర్తిని పల్లకిలో నుంచి కొండ దింపి, ఊఖీమఠమను ఊరికి గొనివచ్చి, ఆరు నెలలపాటు అచ్చటనే పూజలు సాగింతురు. మహాశివరాత్రినాడు మరల తలుపులు తెరచు దినమును నిర్ణయించి, వైశాఖమాసపు ప్రాంతమున స్వామిని తిరిగి మీదికి గొనిపోవుదురు. కేదారము సముద్రమట్టమునకు రమారమి 11,750 అడుగుల యెత్తున నున్నది. ఊఖీమఠము అంతకు ఏడువేల అడుగులకు పైగా దిగువ.

ఈ యాచారమునందు భక్తి యెంత కలదో లోకజ్ఞానమును అంత కలదు. దేవుడే దిగివచ్చు కాలమున మానవుడు మీదికి పోవుట తగదని దాని భావము. చలికాలమున ఆ కొండ మనుష్యులది కాదు, మంచుది. ఆ మంచు ఎట్లుండును, ఏ కారణముచేత అది ఒక్కుమ్మడి కదలి క్రిందికి దూకును, దాని నెరిగినవారు ఎట్లు మెలగుదురు అను విషయమును గూర్చి నేడు కొన్ని మాటలు మనవి చేసెదను.

కృష్ణా గోదావరీ తీరములందు కాపురముండు మనకు మంచుకొండల గొడవ యెందులకని కొందరు తలపవచ్చును. మన పల్లెల బిడ్డలు సైన్యమున చేరి లడాఖులోను కాశ్మీరములోను మంచుపై కావలి కాయుచున్నారు. మన యాత్రికులు వేలకొలదిగా బదరీకేదారములకు పోవుచున్నారు. కొంతకాలముగా మన యువకులును యువతులును పర్వతారోహణమునందు ఆసక్తి చూపుచున్నారు. కావున ఇది దూరదేశపు వార్త కాదు. ఏదో యొకనాడు మన వీధిలోని యింటికి వచ్చు వార్త.

మొదట మంచును గూర్చి. మనకు తెలిసిన మంచు పుష్యమాసపు తెల్లవారుజామున గడ్డిపరకలపై నిలుచు బిందువు. కొండలపై కురియునది అట్టిది కాదు. అది దూదిపింజవలె తేలికగా, మెల్లగా, చప్పుడు లేకుండ దిగును. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు గల గుంట నిండ క్రొత్తమంచు నింపినచో అది క్వింటాలునకు మించి తూగదు. కాని అదే మంచు చరియగా విరిగి క్రిందికి జారి వచ్చి నిలిచిన తరువాత, అంతే గుంటెడు మంచు నాలుగు క్వింటాళ్లు తూగును. ఒక్కొక్కప్పు డంతకును మించును. పారతో త్రవ్వబోయినను గట్టిపడిన సున్నపు అడుసువలె లొంగదు. క్రొత్తమంచు చేతపట్టి ఆడుకొనినవానికి ఈ రెండవ రూపము ఊహకందదు.

అది జారుట ఎట్లు? కళ్లములో ధాన్యము తూర్పారబట్టి రాశి పోయుట మీరందరును ఎరిగినదే. రాశి కొంతవరకు నిలిచి యుండును. వాలు ఒక హద్దు దాటినంతనే, మీద నొక చేటెడు పోసినచో ప్రక్కలు జారును. కొండవాలున మంచుకును ఇట్టి హద్దు కలదు. చదునునేలకును నిట్టనిలువు గోడకును నడుమనున్న వాలును 90 భాగములు చేసితిమేని, 30వ భాగమునకును 45వ భాగమునకును నడుమనుండు వాలులపైననే మంచుచరియలు ఎక్కువగా పుట్టును. అంతకు తక్కువ వాలున మంచు సాధారణముగా నిలుచును. అంతకు మిక్కిలి నిటారుగా నున్నచో మంచు ఎప్పటికప్పుడే రాలిపోవుచుండును గనుక పెద్దరాశిగా చేరదు. కావున అపాయమైన వాలు భయంకరముగా కనబడు వాలు కాదు. మన పెంకుటింటి కప్పుకంటె కొంచె మెక్కువగా వాలి, తెల్లగా, నున్నగా, నడువ ననువుగా కనబడు వాలే మిక్కిలి ప్రమాదకరమైనది.

ధాన్యపురాశి యంతయు ఒకే గింజ. మంచురాశి అట్లు కాదు. ఒక దినము కురిసినది ఒక పొర. పది దినముల తరువాత కురిసినది మరియొక పొర. నడుమ ఎండ కాయును, గాలి వీచును, రాత్రి గడ్డకట్టును. నేల దాపున కొంత వెచ్చదనము ఉండును. పైన చలి కఠినముగా నుండును. ఈ తారతమ్యముచేత లోపలి మంచు కొన్ని వారములలో రూపు మారి, ఒకదానితో నొకటి అంటుకొనని పలుకులై, పంచదారవలె పొడిపొడి యగును. దానిమీద గాలి తోలితెచ్చిన మంచు గట్టిపలకగా పేరుకొనును. ఏటవాలు బల్లపై రాగులు పోసి, వానిమీద చాప పరచి, ఆ చాపపై బరువు పెట్టినచో ఏమగునో యోచింపుడు. కొంతసేపు నిలిచినట్లే యుండును. ఒక్క రాగిగింజ దొర్లినచో చాపయు బరువును కలిసియే జారును. మంచుకొండపై నడచు మనుష్యుడు పెక్కుమారు లిట్టి చాపమీద నడచుచున్నాడు. క్రింద రాగులున్నవని ఎరుగడు.

ఈ పలక విరుగునపుడు వాని వెనుకనే, ఒక్కొక్కప్పుడు వానికి పైన, అడ్డముగా నెర్రె తీయును. కన్నుమూసి తెరచునంతలో వాలంతయు ముక్కలై కదలును. పొడిమంచు చరియ గంటకు 200 కిలోమీటరులకు మించిన వేగము నందుకొనగలదు; దాని ముందు నడచు గాలితాకిడికే చెట్లు కూలును. వసంతకాలపు ఎండకు తడిసిన మంచు ఇంత వేగముగా రాదు. కాని బురదవలె బరువుగా వచ్చి, త్రోవలోని రాళ్లను మ్రాకులను తనతో దొర్లించుకొని పోవును.

ఇచ్చట ముఖ్యముగా గమనింపవలసిన సంగతి యొకటి కలదు. పర్వతారోహకులను చంపిన పలకచరియలలో మిక్కిలి భాగము తమంతట తాము విరిగినవి కావు. దానిలో చిక్కినవారి యొక్కయో, వారి జతగాండ్ర యొక్కయో బరువు సోకి విరిగినవే. అనగా కొండ వారిమీదికి రాలేదు. వారే దానిని కదలించిరి. ఈ మాట వినుటకు కఠినముగా నున్నను ఆశయు ఇందే కలదు. మనుష్యుడు కదలించినదానిని మనుష్యుడు కదలింపక విడువవచ్చును గదా.

1922వ సంవత్సరమున ఎవరెస్టు శిఖరముపై జరిగిన వృత్తాంతము ఇందుకు నిదర్శనము. ఆ యేడు ఆంగ్లేయుల దండు టిబెట్టు వైపునుండి ఆ శిఖరము నెక్కుటకు యత్నించెను. రెండు ప్రయత్నములు విఫలమైనవి. వర్షకాలము సమీపించుచున్నది, తరువాత ఆ యేటికి అవకాశము లేదు. మూడవసారి బయలుదేరుటకు నిశ్చయించిరి. జూను నెల మొదటి దినములలో విస్తారముగా మంచు కురిసెను. మంచు నిలిచిన వెనుక కొలదిపాటి ఎండ కాచెను. గట్టిపడి యుండునని తలచి, 7వ తేదీ ఉదయమున మాలరీ, సోమర్వెల్, క్రాఫర్డ్ అను మువ్వురు ఆంగ్లేయులును, బరువులు మోయు 14 మంది షెర్పాలు మున్నగు కొండజాతులవారును, రమారమి 23,000 అడుగుల యెత్తుననున్న ఉత్తరపు కనుమకు ఎక్కసాగిరి. వారు అజాగ్రత్తపరులు కారు. దారిలో నిటారైన తావున మంచును పరీక్షించి చూచిరి; అది కదలలేదు. అందువలన తక్కిన వాలు అంతకంటె నిరపాయమని నమ్మిరి.

మధ్యాహ్నము ఒంటిగంట దాటిన పిమ్మట తుపాకిమందు ప్రేలినట్లు ధ్వని వినవచ్చెను. కాలి క్రింది మంచు కదలెను. ముందు త్రాటికి కట్టుకొనిన నలుగురు కొంతదూరము జారి, పైకి తేలి బ్రదికిరి. మరియొక త్రాటివారును తప్పించుకొనిరి. తక్కిన రెండు త్రాళ్లకు కట్టుకొనియున్న తొమ్మండుగురు కూలీలు మంచుగోడ యంచు దాటి క్రిందనున్న పెద్దనెర్రెలో పడిరి. వారిపై మంచు నిండెను. తక్కినవారు చేతులతోను మంచుగొడ్డళ్లతోను త్రవ్వి ఇద్దరిని సజీవులుగా వెలికి తీసిరి. ఏడుగురు మృతిచెందిరి. ఎవరెస్టునందలి యారోహణములలో జరిగిన మొదటి మరణములు ఇవియే.

ఆ ఏడుగురిలో శిఖరమును చేరవలెనని కోరినవా డొక్కడును లేడు. కూలికై బరువు మోయవచ్చినవారు. ఆనాడు కదలవలయునా, మరి రెండు దినములు నిలువవలయునా యని వారి నడిగినవారు లేరు. నిర్ణయించినవారు మువ్వురును బ్రదికిరి. మాలరీ ఈ దుఃఖమును, నేరభారమును తన ఉత్తరములలో దాచుకొనలేదు. సోమర్వెల్ వైద్యుడు. మరణించినవారందరును షెర్పాలును భోటియాలునే యగుట, ఆంగ్లేయులలో నొక్కడును వారి గతిలో పాలుగొనకపోవుట తనకు భరింపరానిదిగా నుండెనని ఆయన తరువాత వ్రాసెను. ఆయన మన దక్షిణదేశముననే, తిరువాన్కూరులోని నెయ్యూరు ఆసుపత్రిలో పెక్కేండ్లు బీదసాదలకు శస్త్రచికిత్స చేసెను. పిదప వేలూరు వైద్యకళాశాలలోను పనిచేసెను.

ఈ కథ నుండి నేటి పర్వతారోహకులు గ్రహించిన పాఠములు మూడు. గొప్పగా మంచు కురిసిన వెనుక కనీసము ఒకటి రెండు దినములు వాలులపైకి పోరాదు. చలి యధికమైనచో అంతకంటె నెక్కువ దినములు నిలువవలయును. ఒకచోట మంచు కదలలేదని వాలంతయు నమ్మరాదు. అనుమానమున్న వాలును అందరును ఒక్క గుంపుగా దాటరాదు. ఒక్కరి తరువాత నొక్కరు దాటవలెను, తక్కినవారు నిరపాయమైన తావున నిలిచి చూచుచుండవలెను. మూడును వినుటకు సులభములే. కాని భోజనపదార్థములు తరుగుచుండగా, శిఖరము కన్నులకు గట్టినట్లు కనబడుచుండగా, ఊరక కూర్చుండుట సులభము కాదు.

నడచువారికే గాక నిద్రించువారికిని మంచుచరియ యమపాశ మగును. 1937వ సంవత్సరమున జర్మనుల దండు నంగాపర్బతమను కొండ నెక్కుచు, నాలుగవ విడిదిలో డేరాలు వేసికొనెను. జూను 14వ తేదీ రాత్రి అందరును నిద్రించుచుండిరి. మీది వాలునుండి మంచుగడ్డల రాశి విరిగి వచ్చి విడిదిని పూర్తిగా కప్పివేసెను. ఏడుగురు జర్మనులు, తొమ్మండుగురు షెర్పాలు, మొత్తము 16 మంది అచ్చటనే సమాధియైరి. నాలుగు దినముల పిమ్మట క్రిందినుండి వచ్చిన సహచరునికి ఆ తావున మంచుమైదానము తప్ప వేరేమియు కనబడలేదు. తరువాత త్రవ్వి చూడగా కొందరి చేతిగడియారములు అర్ధరాత్రి దాటిన కొలది నిమిషములకే నిలిచిపోయి యుండెను. కావున విడిదికి తావు వెదకునపుడు గాలి తగులదే, నేల చదునుగా నున్నదే యని చూచిన చాలదు. తలయెత్తి పైన ఏమి వ్రేలాడుచున్నదో చూడవలయును. మన పెద్దలు కళ్లము వేయుటకుముందు వాగు ఎంతవరకు పొంగినదో విచారించినట్లే, కొండవారు ఆ లోయలో పూర్వము చరియ ఎంతదూరము వచ్చినదో విచారింతురు. విరిగిన చెట్లు, ఒకే దిక్కునకు వంగిన మొక్కలు, అడవి నడుమ గోకివేసినట్లున్న బోడిచారలు ఆ త్రోవలను చూపుచుండును.

ఐతే తావు నెంచుకొను స్వాతంత్ర్యము అందరికిని లేదు. సియాచెను హిమానీనదముపై 1984వ సంవత్సరము నుండి మన సైన్యము కావలి కాయుచున్నది. అచ్చట తుపాకిగుండ్లకంటె చలియు మంచుచరియలును ఎక్కువమందిని బలిగొన్నవి. 2016వ సంవత్సరము ఫిబ్రవరి 3వ తేదీన 19,600 అడుగుల యెత్తుననున్న సోనమ్ ఠాణాపై మంచుగోడ విరిగిపడి మద్రాసు రెజిమెంటుకు చెందిన పదిమందిని కప్పివేసెను. వారిలో ఎక్కువమంది దక్షిణదేశీయులు. ఒకరు నాటి కర్నూలు జిల్లాలోని పల్లెటూరివారు. సహసైనికులు పగలును రాత్రియు గట్టిమంచును కోసి, శిక్షణపొందిన కుక్కల సాయముతో వెదకి, ఆరవనాడు లాన్సు నాయకుడు హనుమంతప్పను కొనయూపిరితో వెలికి తీసిరి. ఆయన ధారవాడ జిల్లావారు. ఢిల్లీ ఆసుపత్రికి చేర్చిరి. కాని 11వ తేదీన ఆయనయు కన్నుమూసెను. పదిమందిలో ఒక్కరును మిగులలేదు. అదే ప్రాంతమున సరిహద్దు కావల 2012వ సంవత్సరము ఏప్రిలు 7వ తేదీన గయారియను చోట పాకిస్తాను సైనికులును పనివారును కలిసి 140 మంది మంచుచరియ క్రింద సమాధియైరి. మంచుకు ఈ ప్రక్క, ఆ ప్రక్క యను భేదము లేదు.

బదరీనాథమునకు పైనున్న మాణాగ్రామము మన యాత్రికులు ఎరిగినదే. 2025వ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీ ఉదయమున అచ్చట రహదారి పనివారి విడిదిపై మంచుచరియ పడెను. 54 మంది చిక్కుకొనిరి. 46 మందిని రక్షించిరి, ఎనిమిదిమంది మరణించిరి. పెక్కుమంది ఇనుప పెట్టెగదులలో నుండుటచేత ఊపిరి నిలిచి, బ్రదుకుటకు వీలైనది. స్వామి గర్భగుడి మూసియుండు కాలమున సయితము, మన వేసవియాత్రకు దారి సిద్ధముచేయుటకు అచ్చట కూలివారు ఉందురని ఆ వార్తవలన పెక్కుమందికి మొదటిసారి తెలిసెను.

ఇట్టివారి రక్షణకై మన ప్రభుత్వము 1969వ సంవత్సరము నుండి మంచును శాస్త్రరీతిగా పరిశీలించు సంస్థను నడపుచు వచ్చినది. అది 2020వ సంవత్సరమున మరియొక సంస్థతో కలిసి రక్షణ భూసమాచార పరిశోధన సంస్థగా మారినది. కొండలలో స్థాపించిన యంత్రములు మంచు లోతును, గాలిని, చలిని కొలిచి తెలుపుచుండును. వానినిబట్టి ఏ లోయలో ప్రమాద మెంతటిదో ప్రకటించుచుందురు. కొన్నిచోట్ల రహదారిపై కప్పులు కట్టి, చరియ వానిమీదుగా పోవునట్లు చేసిరి. కొన్నిచోట్ల వాలులపై ఇనుప కంచెలు నాటి మంచును పట్టి నిలుపుచున్నారు. అటల్ సొరంగము 2020వ సంవత్సరము అక్టోబరున తెరువబడుటచేత, చలికాలమున రోహ్తాంగు కనుమపై మంచు నెదుర్కొని లాహూలు లోయకు పోవలసిన అగత్యము తప్పినది. ప్రకటన వచ్చిననాడు దండును నిలుపు అధికారము గలవాడు నిలుపవలయును. 1922లో ఆ ఏడుగురికి లేకపోయిన రక్షణ ఇదియే.

ఇక చలికాలమున శిఖరముల నెక్కువారిని గూర్చి కొంచెము చెప్పవలెను. పశ్చిమ హిమాలయములందు మార్గశిరము మొదలు ఫాల్గుణము వరకు మధ్యధరాసముద్రపు దిక్కునుండి వచ్చు మేఘములు మంచు కురిపించును. వాన నిలిచినంతనే తుపాను తీరినదని మనము తలతుము. అచ్చట అసలు కష్టము అప్పుడే మొదలగును. మబ్బు విడిచిన రాత్రి చలి పెరుగును. గాలి ఒక వైపు వాలునందలి మంచును ఎగురగొట్టి రెండవవైపు పోయును. కనుక ఆకాశమునుండి రవ్వంతయు రాలకున్నను గాలి మరుగు వాలున గంటగంటకు బరువు పెరుగుచుండును. శిఖరపుగట్టు అంచున మంచు చూరువలె ముందుకు సాగి వ్రేలాడును. మీద నడచువానికి అది గట్టినేలవలె తోచును, క్రింద శూన్యము. ఎత్తైన శిఖరములపై చలికాలపు గాలి గంటకు నూరుమైళ్లకు మించుట కలదు. ఎవరెస్టు కొనపై గాలియొత్తిడి సముద్రతీరమునందలి దానిలో మూడవవంతు మాత్రమే. చలికాలమున అదియు కొంత తగ్గును. పగలు కురుచ. చేతితొడుగు జారిపోయినచో కొన్ని నిమిషములలోనే వ్రేళ్లు మొద్దుబారి, నల్లబడి, పిదప వానిని కోసివేయవలసి వచ్చును.

ఇన్ని యిడుమలున్నను జయించినవారు లేకపోలేదు. 1980వ సంవత్సరము ఫిబ్రవరి 17వ తేదీన లెషెక్ చిహి, క్షిష్టోఫ్ వియెలిత్స్కి అను పోలండు దేశస్థులు చలికాలమున మొట్టమొదట ఎవరెస్టు నెక్కిరి. 2021వ సంవత్సరము జనవరి 16వ తేదీన పదిమంది నేపాలీయులు అంతవరకు చలికాలమున ఎవరికిని లొంగని కే-టూ శిఖరమును చేరిరి. ముందు చేరవచ్చినవారు కొన కొలది గజముల దూరమున నిలిచి, వెనుకనున్నవారికై వేచి, పదుగురును కలిసియే అడుగు పెట్టిరి. ఒక శతాబ్దముపాటు పరులకు బరువులు మోసిన కొండజాతులవారికి ఆ కీర్తి దక్కుట ఉచితమే. కాని మూడు వారములు నిండకమునుపే, అదే శిఖరముపై, మిక్కిలి అనుభవజ్ఞులైన వేరు ముగ్గురు మీదికి పోయి తిరిగి రాలేదు. నేర్పు చలికాలమునకు పూచీ కాదు.

చలికాలము కానప్పుడును కొండను తేలికగా చూడరాదు. 2022వ సంవత్సరము అక్టోబరు 4వ తేదీన ఉత్తరకాశికి పైనున్న ద్రౌపదీ కా డాండా అను శిఖరముదగ్గర, పర్వతారోహణము నేర్చుకొనుచున్నవారును నేర్పువారును కలిసి 29 మంది మంచుచరియకు బలియైరి. నేర్పువారిలో ఆ వేసవియందే ఎవరెస్టు నెక్కివచ్చిన సవితా కన్‌స్వాల్ ఉండెను. మన నెల్లూరు జిల్లావారైన మల్లి మస్తాన్ బాబు 2006వ సంవత్సరమున 172 దినములలో ఏడు ఖండముల యున్నతశిఖరములను ఎక్కినవారు. 2015వ సంవత్సరము మార్చి నెలలో దక్షిణ అమెరికాయందలి ఆండీసు పర్వతములలో ఒంటరిగా పోవుచు, ప్రకృతి ప్రతికూలింపగా ప్రాణములు కోల్పోయిరి. 2014వ సంవత్సరము ఏప్రిలు 18వ తేదీన ఎవరెస్టు నేపాలు వైపున మంచుగడ్డ విరిగి 16 మంది నేపాలీ పనివారు చనిపోయిరి. ఆ యేడే మే 25వ తేదీన నిజామాబాదు జిల్లా పాకాల గ్రామపు బాలిక, పదునాలుగేండ్లు నిండని మాలావత్ పూర్ణయు, ఖమ్మము జిల్లావాడైన ఆనంద్ కుమారును టిబెట్టు వైపునుండి అదే శిఖరము నెక్కిరి. ఈ వార్తలు విని మన పిల్లలు ఉత్సాహపడుట న్యాయమే. వారిని అణచివేయుడని నేను చెప్పను. తెలిసి పొండని చెప్పుడనియే నా మనవి.

తెలియవలసినది కొంత క్లుప్తముగా చెప్పెదను. కొండ ముందుగానే కొన్ని గుర్తులు చూపును. సమీపమున క్రొత్తగా చరియ విరిగిన జాడ కనబడినచో, అట్టి వాలులన్నియు అనుమానింపదగినవే. అడుగు వేసినపుడు మంచులోపల బుస్సుమని దిగబడిన ధ్వని వినబడినచో, కాలి యొద్దనుండి నెర్రె పారినచో, అది కొండ పలుకు మాట. అంతటితో వెనుకకు మరలవలయును. హఠాత్తుగా ఎండ ముదిరినను, మంచుపై వాన పడినను వాలులను విడువవలెను. తెల్లవారకముందే బయలుదేరి, మంచు మెత్తబడకముందే తిరిగి రావలయును.

చిక్కినవానికి కాలము మిక్కిలి స్వల్పము. మంచులో కప్పబడినవారిని మొదటి పది నిమిషములలో వెలికి తీసినచో పదిమందిలో తొమ్మండుగురు బ్రదుకుదురు. అరగంట దాటినచో మూడింట రెండువంతులమంది బ్రదికి యుండరు. వారిని చంపునది పెక్కుసారులు చలి కాదు, ఊపిరి యాడకపోవుటయే. అందుచేత చరియ నెమ్మదించునపుడు చేతులు ముఖమునకు అడ్డముపెట్టి ముక్కు ముందర కొంత చోటు నిలుపుకొనవలెనని నేర్పుదురు. ప్రక్కవారు సాయమునకై ఊరికి పరుగెత్తరాదు. అతడు కడపట కనబడిన తావును గుర్తుంచుకొని, దానికి దిగువను తామే వెదకవలెను. ఇందులకై ప్రతివాడును సంజ్ఞలు పంపు చిన్న రేడియోయంత్రమును, పొడిచి చూచుటకు పొడవైన సన్నని కడ్డీని, ఒక పారను వెంట నుంచుకొనవలెను. ఈ మూడును లేనివాడు తనకే గాక తన జతగానికిని ద్రోహము చేసినవా డగును. ఏలయన రేపు త్రవ్వవలసినది అతని చేతులే.

పెద్దలారా, ఇవన్నియు కొండ నెక్కువాడు నేర్చుకొనవలసినవి. ఇంటనుండు మనము చేయదగిన పనియు ఒకటి కలదు. కుఱ్ఱవాడు బయలుదేరునపుడు ‘శిఖరము నెక్కి రమ్ము’ అని దీవించుట పరిపాటి. ఆ దీవెన వాని భుజములపై నొక బరువు. ఊరివారు పూలమాలలతో ఎదురుచూచుచున్నారని, అప్పుచేసి పంపిరని, ఎక్కక దిగినచో తల యెత్తుకొనలేనని తలచి, మరలవలసినచోట మరలక పోయినవారు కలరు. కావున వానిని పంపునపుడు ఈ ప్రశ్న వేయుడు: ‘నాయనా, ఏ గుర్తు చూచినచో వెనుకకు మరలవలెనని మీ దండు ముందుగా నిర్ణయించుకొన్నది?’ దానికి సమాధానము చెప్పలేనివాడు ఇంకను బయలుదేరదగడు. ఎక్కకుండ తిరిగివచ్చినవానిని పరిహసింపక, ఎక్కివచ్చినవానికి చేసినంత గౌరవమును చేయుడు. యాత్రకు పోవువారైనను, దారి మూసితిమని అధికారులు చెప్పిననాడు, ఇంతదూరము వచ్చితిమే యని వారితో వాదులాడక నిలిచిపోవుట మేలు. సైన్యమున నున్న బిడ్డకు నిలుచుటయు మరలుటయు తన చేతిలోని పని కాదు. అతని జాబు ఆలస్యమైనచో దారులు మూసికొనిపోయినవని గ్రహించి, ఆ తల్లిదండ్రులకు ఊరు ధైర్యము చెప్పవలయును.

కొండ ఎక్కడికిని పోదు. కేదారేశ్వరుడు ఆరు నెలలు ఊఖీమఠమున వేచియుండి, మంచు కరగిన వెనుక తన గుడికి తాను పోవుచున్నాడు. వేచియుండుట దేవునికి చిన్నతనము కానపుడు మన బిడ్డలకు మాత్రము ఏల చిన్నతనము కావలయును?